జంట బ్యాటరీల వ్యవస్థ (ఆఫ్‌రోడ్ వాహనాలు)

జంట బ్యాటరీల వ్యవస్థ అనగా ఒకే వాహనంలో ఇంజనును స్టార్టు చేయడానికి ఒక బ్యాటరీని, ఇంజను ఆగి ఉన్న సమయంలో ఫ్రిజ్, దీపాలు, రేడియో వంటి ఉపకరణాలను నడపడానికి మరొక బ్యాటరీని అమర్చి, రెండవదాని వాడకం వలన మొదటిది ఖాళీ కాకుండా చూసే ఏర్పాటు. మొదటిదానిని స్టార్టరు బ్యాటరీ లేదా ప్రధాన బ్యాటరీ అనీ, రెండవదానిని సహాయక బ్యాటరీ అనీ అంటారు. జనావాసాలకు దూరంగా, రోడ్డు లేని ప్రాంతాలలో రోజుల తరబడి ప్రయాణించే ఫోర్-వీల్-డ్రైవ్ వాహనాలలో ఈ ఏర్పాటు ఎక్కువగా కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో ఇది విస్తృతంగా వాడుకలో ఉన్నది. దక్షిణాఫ్రికాలోనూ దీని వాడకం ఎక్కువే.

రెండు బ్యాటరీలు ఉంటే విద్యుత్తు రెట్టింపు అవుతుంది కనుక ఈ ఏర్పాటు చేస్తారన్నది ఒక సాధారణమైన అపోహ. నిల్వ పెరగడం ఇందులో రెండవ ప్రయోజనం మాత్రమే. అసలు ప్రయోజనం రెండు నిల్వలను వేరుగా ఉంచడం. వేరుచేసే సాధనం లేకుండా రెండు బ్యాటరీలను నేరుగా సమాంతరంగా కలిపితే రెండూ కలిసే ఖాళీ అవుతాయి. ఒకటి చెడిపోతే రెండవదానిని కూడా తనతో పాటు దించివేస్తుంది.

అవసరం

ఆస్ట్రేలియా మధ్యభాగంలోని సింప్సన్ ఎడారిలో సుమారు 1,100 ఇసుక దిబ్బలు సమాంతర వరుసలలో ఉన్నాయి. దానిని దాటే యాత్రికులు డాల్‌హౌసీ ఊటల నుండి బర్డ్స్‌విల్ వరకు దారిలో ఇంధనం గాని, మరమ్మతు సౌకర్యం గాని లేకుండా కొన్ని రోజులు ప్రయాణిస్తారు. పశ్చిమ ఆస్ట్రేలియాలో విలూనా నుండి హాల్స్ క్రీక్ వరకు సాగే కానింగ్ స్టాక్ రూట్ పొడవు సుమారు 1,850 కిలోమీటర్లు. ఇటువంటి చోట రాత్రి బస చేసి, ఉదయం తాళంచెవి తిప్పినప్పుడు సెల్ఫు మోటారు (స్టార్టరు మోటారు) కదలకపోతే అది అసౌకర్యంతో పోయే విషయం కాదు. ఆటోమేటిక్ గేర్లు గల వాహనాన్ని నెట్టి స్టార్టు చేయడం సాధ్యం కాదు. మామూలు గేర్లు గల వాహనమైనా రెండు టన్నులకు పైగా బరువుతో మెత్తని ఇసుకలో ఉన్నప్పుడు ఇద్దరు ముగ్గురు మనుషులు నెట్టి కదిలించలేరు. తాగునీరు పరిమితంగా ఉన్నచోట వాహనం కదలకపోవడం ప్రాణాపాయానికి దారితీయవచ్చు. తీవ్రమైన వేడి కారణంగా సింప్సన్ ఎడారి ఉద్యానాన్ని ప్రతి వేసవిలోను (డిసెంబరు 1 నుండి మార్చి 15 వరకు) మూసివేస్తారు. మిగిలిన కాలంలో కూడా బాటరీ మీద ఆధారపడే రేడియో, ఉపగ్రహ ఫోను పనిచేస్తేనే సహాయం అడగడం వీలవుతుంది.

చరిత్ర

తిరిగి ఛార్జి చేయడానికి వీలైన సీసపు ఆమ్ల బ్యాటరీని 1859లో ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్టన్ ప్లాంటే కనుగొన్నాడు. 1881లో కామిల్ ఫౌర్ సీసపు పలకలకు సీసపు సమ్మేళనాల ముద్దను పూసే పద్ధతిని ప్రవేశపెట్టి దాని సామర్థ్యాన్ని పెంచాడు. 1912లో చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరు కాడిలాక్ కార్లలో వచ్చింది. అప్పటి నుండి ఇంజను స్టార్టు కావడం బ్యాటరీ మీద ఆధారపడింది. అంతకు పూర్వం చేతితో హ్యాండిలు తిప్పి ఇంజనును స్టార్టు చేసేవారు.

ఆస్ట్రేలియా మారుమూల ప్రాంతాలలో సమాచార సాధనాలకు విద్యుత్తు సమకూర్చడం మొదటి నుండి సమస్యగానే ఉండేది. 1928లో జాన్ ఫ్లిన్ క్లోంకరీ నుండి విమాన వైద్య సేవను ప్రారంభించాడు. 1929లో ఆల్ఫ్రెడ్ ట్రేగర్ కాళ్ళతో తొక్కి విద్యుత్తు పుట్టించే పెడల్ రేడియోను పశువుల క్షేత్రాలకు అందించాడు. తరువాతి కాలంలో యాత్రికుల వాహనాలలో ఐసు పెట్టెల స్థానంలో 12 వోల్టుల కంప్రెసరు ఫ్రిజ్‌లు రావడంతో రాత్రంతా విద్యుత్తు తీసుకునే ఉపకరణం మొదటిసారిగా వాహనంలో చేరింది. సహాయక బ్యాటరీ వ్యాప్తికి ముఖ్యకారణం ఇదే.

రెండు పనులు, రెండు రకాల బ్యాటరీలు

12 వోల్టుల సీసపు ఆమ్ల బ్యాటరీలో ఆరు ఘటాలు శ్రేణిలో ఉంటాయి. పూర్తిగా ఛార్జి అయిన ఒక్కొక్క ఘటం సుమారు 2.1 వోల్టులు ఇస్తుంది. బయటికి ఒకేలా కనిపించినా బ్యాటరీల అంతర్నిర్మాణం వాటి పనిని బట్టి మారుతుంది.

స్టార్టరు బ్యాటరీ: ఇందులో పలుచని పలకలు ఎక్కువ సంఖ్యలో ఉంటాయి. ఉపరితల వైశాల్యం అధికం కనుక కొద్ది సెకండ్లపాటు వందల ఆంపియర్ల విద్యుత్ ప్రవాహాన్ని ఇవ్వగలదు. కాని లోతుగా ఖాళీ చేస్తే పలకలు త్వరగా పాడవుతాయి.

డీప్ సైకిల్ బ్యాటరీ: ఇందులో మందమైన పలకలు ఉంటాయి. తక్కువ ప్రవాహాన్ని గంటల తరబడి ఇచ్చి, మరల మరల ఖాళీ అయి నిండడానికి తగినట్లు దీనిని తయారుచేస్తారు. తెలుగువారి ఇళ్ళలో కరెంటు పోయినప్పుడు వాడే ఇన్వర్టరు బ్యాటరీ ఈ కోవకు చెందినదే. కారు బ్యాటరీని ఇన్వర్టరుకు తగిలిస్తే త్వరగా చెడిపోవడానికి కారణం కూడా ఈ భేదమే.

ఎ.జి.ఎం. బ్యాటరీ: ఇది కూడా సీసపు ఆమ్ల బ్యాటరీయే. ఆమ్లం సన్నని గాజునార పొరలలో పీల్చబడి ఉంటుంది. ఒలికిపోదు, కుదుపులను బాగా తట్టుకుంటుంది. డిస్టిల్డ్ వాటర్ పోయవలసిన అవసరం లేదు.

లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ: జాన్ గుడినఫ్ బృందం 1997లో ఈ పదార్థంపై పరిశోధనా పత్రాన్ని ప్రచురించింది. 3.2 వోల్టుల ఘటాలు నాలుగింటిని శ్రేణిలో కలిపి 12.8 వోల్టుల బ్యాటరీ చేస్తారు. 100 ఆంపియర్-గంటల ఎ.జి.ఎం. బ్యాటరీ బరువు సుమారు 30 కిలోలు ఉండగా, అదే సామర్థ్యం గల లిథియం బ్యాటరీ అందులో సగం కంటె తక్కువ బరువుంటుంది. దాని సామర్థ్యంలో 80 శాతం లేదా అంతకు మించి వాడుకోవచ్చు. అయితే ఘటాల ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల సెల్సియస్ కంటె తక్కువగా ఉన్నప్పుడు దీనిని ఛార్జి చేయరాదు.

కొన్ని పెద్ద డీజిలు వాహనాలకు కర్మాగారంలోనే రెండు బ్యాటరీలు అమర్చుతారు. ఆ రెండూ స్టార్టరు కొరకే కలిసి పనిచేస్తాయి. ఆ వాహనాలను జంట బ్యాటరీల వ్యవస్థ గలవిగా పొరబడకూడదు.

విద్యుత్తు ఖర్చు లెక్క

బ్యాటరీ నిల్వను ఆంపియర్-గంటలలో చెబుతారు. ఒక ఆంపియరు ప్రవాహం ఒక గంటసేపు సాగితే ఒక ఆంపియర్-గంట ఖర్చయినట్లు. ఇంజనును స్టార్టు చేయడానికి అయ్యే ఖర్చు చాలామంది అనుకునే దానికంటె ఎంతో తక్కువ. 300 ఆంపియర్ల ప్రవాహం 3 సెకండ్లు సాగితే 900 ఆంపియర్-సెకండ్లు, అంటే పావు ఆంపియర్-గంట మాత్రమే. ఇంజను నడిచిన కొద్ది నిమిషాలలోనే ఆల్టర్నేటరు దానిని తిరిగి నింపుతుంది. బ్యాటరీని ఖాళీ చేసేవి కొద్దికొద్దిగా ఎక్కువసేపు తీసుకునే ఉపకరణాలే. ఒక మాదిరి బసకు లెక్క ఈ విధంగా ఉంటుంది:

- ఫ్రిజ్: 4 ఆంపియర్లు, 24 గంటలలో కంప్రెసరు తిరిగే సమయం 40 శాతం – 38.4 ఆంపియర్-గంటలు
- ఎల్.ఇ.డి. దీపాలు: 1 ఆంపియరు, 4 గంటలు – 4 ఆంపియర్-గంటలు
- ఫోన్లు, కెమెరాల ఛార్జింగు: 2 ఆంపియర్లు, 3 గంటలు – 6 ఆంపియర్-గంటలు
- నీటి పంపు: 4 ఆంపియర్లు, 15 నిమిషాలు – 1 ఆంపియర్-గంట
- ఒక దినానికి మొత్తం – 49.4 ఆంపియర్-గంటలు

సీసపు ఆమ్ల డీప్ సైకిల్ బ్యాటరీ ఎక్కువ కాలం మన్నాలంటే అందులో సగానికి మించి వాడకూడదని సాధారణ నియమం. ఆ ప్రకారం 100 ఆంపియర్-గంటల బ్యాటరీ పై లెక్కకు ఒక్క దినం మాత్రమే చాలుతుంది. ఇదే భారాన్ని 70 ఆంపియర్-గంటల స్టార్టరు బ్యాటరీ మీద వేస్తే, ఒక దినం గడిచేసరికి అందులో మూడవ వంతు కూడా మిగలదు. మరునాడు ఇంజను స్టార్టు అవుతుందన్న నమ్మకం ఉండదు. ఎండ ఎక్కువైన దినాలలో కంప్రెసరు తిరిగే సమయం పెరుగుతుంది కనుక లెక్క కూడా పెరుగుతుంది.

బ్యాటరీ మీద ముద్రించిన సామర్థ్యం సాధారణంగా 20 గంటలలో నెమ్మదిగా ఖాళీ చేసినప్పటి విలువ. ప్రవాహం పెరిగేకొద్దీ సీసపు బ్యాటరీ నుండి లభించే సామర్థ్యం తగ్గుతుందని 1897లో జర్మన్ శాస్త్రవేత్త పాయ్‌కెర్ట్ సూత్రీకరించాడు. అందుచేత ఇన్వర్టరు ద్వారా 2,000 వాట్ల విద్యుత్ కెటిల్ నడపడం వంటివి సీసపు బ్యాటరీకి తగవు. 12 వోల్టుల వద్ద అది 167 ఆంపియర్లకు సమానం. ఇన్వర్టరులోని నష్టం దీనికి అదనం.

నిల్వను తెలుసుకోవడం

కొన్ని గంటలు విశ్రాంతిగా ఉన్న సీసపు ఆమ్ల బ్యాటరీ వోల్టేజిని బట్టి అందులోని నిల్వను సుమారుగా అంచనా వేయవచ్చు.

- 12.7 వోల్టులు – పూర్తి నిల్వ
- 12.4 వోల్టులు – ముప్పాతిక
- 12.2 వోల్టులు – సగం
- 12.0 వోల్టులు – పాతిక
- 11.8 వోల్టులు, అంతకు తక్కువ – దాదాపు ఖాళీ

ఛార్జి అవుతున్నప్పుడు గాని, ఫ్రిజ్ నడుస్తున్నప్పుడు గాని చూసిన వోల్టేజి ఈ పట్టికకు సరిపోదు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ వోల్టేజి చాలాభాగం వరకు ఇంచుమించు మారకుండా ఉండి చివరలో ఒక్కసారిగా పడిపోతుంది. కనుక దానికి వోల్టుమీటరు చాలదు. లోపలికి, బయటికి పోయే ఆంపియర్-గంటలను లెక్కించే షంట్ మీటరు అవసరం.

సగం ఖాళీ అయిన సీసపు బ్యాటరీని వారాల తరబడి అలాగే వదిలివేస్తే పలకలపై సీసపు సల్ఫేటు గట్టి స్ఫటికాలుగా పేరుకొని సామర్థ్యం శాశ్వతంగా తగ్గుతుంది. ప్రయాణం తరువాత ఇంటివద్ద కూడా బ్యాటరీలు ఈ విధంగా పాడవవచ్చు.

ఆపి ఉంచిన వాహనంలో విద్యుత్ నష్టం

తాళం వేసి ఆపిన వాహనం కూడా కొంత విద్యుత్తు తీసుకుంటూనే ఉంటుంది. గడియారం, అలారం, రిమోట్ తాళం, కంప్యూటరు జ్ఞాపకం దీనికి కారణాలు. ఆరోగ్యంగా ఉన్న వాహనంలో ఇది సాధారణంగా 50 మిల్లీ ఆంపియర్లకు మించదు. 50 మిల్లీ ఆంపియర్లంటే దినానికి 1.2, నెలకు 36 ఆంపియర్-గంటలు. తరువాత అమర్చిన రేడియో, ట్రాకరు, యు.ఎస్.బి. సాకెట్టు, వోల్టుమీటరు వంటివి తాళంచెవితో సంబంధం లేకుండా నేరుగా ప్రధాన బ్యాటరీకి కలిపి ఉంటే ఈ నష్టం అనేక రెట్లు అవుతుంది.

నష్టాన్ని కొలవడానికి బ్యాటరీ రుణ ధ్రువం నుండి తీగను విడదీసి, మధ్యలో అమ్మీటరును శ్రేణిలో కలుపుతారు. తలుపులు మూసి, తాళం తీసివేసి, వాహనంలోని కంప్యూటర్లు నిద్రావస్థకు చేరేవరకు అరగంట లేదా అంతకు మించి వేచి ఉండాలి. తరువాత కూడా ప్రవాహం ఎక్కువగా ఉంటే ఫ్యూజులను ఒక్కొక్కటిగా తీసి చూడాలి. ఏ ఫ్యూజు తీసినప్పుడు ప్రవాహం తగ్గుతుందో లోపం ఆ వలయంలో ఉన్నట్లు. అమ్మీటరు శ్రేణిలో ఉండగా ఇంజనును స్టార్టు చేయకూడదు. మీటరు తట్టుకోగలిగేది సాధారణంగా 10 ఆంపియర్లే.

రెండు బ్యాటరీలను వేరుచేసే పద్ధతులు

చేతి స్విచ్చి: ఇంజను నడుస్తున్నప్పుడు రెండింటినీ కలిపి, ఆపగానే విడదీయడానికి ఒక పెద్ద స్విచ్చి ఉంటుంది. చవకైనది, చెడిపోవడం తక్కువ. కాని మనిషి ఒక్క రాత్రి మరచిపోతే వ్యవస్థ యొక్క ప్రయోజనమే పోతుంది.

డయోడు ఐసోలేటరు: డయోడు విద్యుత్తును ఒకే దిశలో పోనిస్తుంది. సిలికాన్ డయోడు వద్ద సుమారు 0.7 వోల్టులు నష్టపోవడం వలన సహాయక బ్యాటరీ పూర్తిగా నిండదు. అందుచేత దీని వాడకం తగ్గింది.

వోల్టేజిని గుర్తించే రిలే: ఆల్టర్నేటరు పనిచేస్తూ ప్రధాన బ్యాటరీ వోల్టేజి 13.3 వోల్టుల ప్రాంతానికి చేరినప్పుడు ఈ రిలే రెండింటినీ కలుపుతుంది. ఇంజను ఆగి వోల్టేజి 12.8 వోల్టుల ప్రాంతానికి తగ్గినప్పుడు విడదీస్తుంది. ఆల్టర్నేటరు వోల్టేజి స్థిరంగా ఉండే పాత వాహనాలలో, రెండు బ్యాటరీలూ సీసపు ఆమ్ల జాతివే అయినప్పుడు ఇది బాగా పనిచేస్తుంది.

డి.సి.-డి.సి. ఛార్జరు: ఇది ఆల్టర్నేటరు వోల్టేజిని అవసరాన్ని బట్టి పెంచి గాని తగ్గించి గాని సహాయక బ్యాటరీ రకానికి తగిన క్రమంలో ఛార్జి చేస్తుంది. ఇంధనం ఆదా కొరకు ఇటీవలి వాహనాలలో ఆల్టర్నేటరు వోల్టేజిని కంప్యూటరు మారుస్తూ ఉంటుంది. ప్రధాన బ్యాటరీ నిండిన తరువాత అది 13 వోల్టుల కంటె తక్కువకు కూడా దిగవచ్చు. అటువంటి వాహనంలో రిలే కలుస్తూ విడిపోతూ ఉంటుంది, సహాయక బ్యాటరీ నిండదు. లిథియం బ్యాటరీని నేరుగా కలిపితే దాని తక్కువ అంతర్నిరోధం వలన అధిక ప్రవాహం సాగి ఆల్టర్నేటరు వేడెక్కే ప్రమాదం ఉన్నది. ఈ ఛార్జరు ప్రవాహాన్ని 25, 40 ఆంపియర్ల వంటి పరిమితిలో ఉంచుతుంది. 25 ఆంపియర్ల ఛార్జరు రెండు గంటల ప్రయాణంలో సుమారు 50 ఆంపియర్-గంటలు, అంటే పైన లెక్కించిన ఒక దినపు ఖర్చును భర్తీ చేయగలదు. అయితే సీసపు బ్యాటరీ చివరి అయిదవ వంతు నిండడానికి అనేక గంటలు పడుతుంది.

వాహనం కదలకుండా ఒకేచోట రెండు మూడు దినాలు బస చేసేవారు సౌర ఫలకాలను కూడా వాడతారు. ఫలకం నీడలో గాని, దుమ్ముతో కప్పబడి గాని ఉంటే ఉత్పత్తి బాగా తగ్గుతుంది.

తీగలు, ఫ్యూజులు

సహాయక బ్యాటరీ వెనుకభాగంలో ఉంటే తీగ పొడవు సమస్య అవుతుంది. పోవడానికి 5 మీటర్లు, రావడానికి 5 మీటర్లు, మొత్తం 10 మీటర్ల రాగి తీగలో 30 ఆంపియర్లు ప్రవహిస్తే, ఓం నియమం ప్రకారం 6 చదరపు మి.మీ. అడ్డుకోత గల తీగలో సుమారు 0.86 వోల్టులు, 16 చదరపు మి.మీ. తీగలో సుమారు 0.32 వోల్టులు నష్టపోతాయి. ఆస్ట్రేలియా దుకాణాలలో 6 మి.మీ. ఆటో కేబుల్ పేరుతో అమ్మే తీగ విషయంలో జాగ్రత్త అవసరం. ఆ 6 మి.మీ. పైతొడుగుతో కలిపిన వ్యాసం. లోపలి రాగి అడ్డుకోత 5 చదరపు మి.మీ. కంటె తక్కువగా ఉంటుంది.

తీగకు రెండు చివరలా బ్యాటరీ ఉన్నది కనుక, ప్రతి బ్యాటరీకి వీలైనంత దగ్గరగా ఒక ఫ్యూజు ఉండాలి. ఒక్క చివర మాత్రమే ఫ్యూజు పెడితే, మధ్యలో తీగ ఒరుసుకొని బాడీకి తగిలినప్పుడు రెండవ బ్యాటరీ నుండి ప్రవాహం ఆగదు, మంటలు రావచ్చు. ఫ్యూజు రక్షించేది తీగను. కనుక దాని విలువ తీగ సామర్థ్యాన్ని మించకూడదు. రుణ ధ్రువంపై కొలత పరికరం ఉన్న ఇటీవలి వాహనాలలో, అదనపు ఉపకరణాల ఎర్తు తీగను ధ్రువానికి కాక ఛాసిస్‌కు కలపాలి. లేనియెడల ఆ ఖర్చు కంప్యూటరు లెక్కలోకి రాదు.

అమరిక స్థానం

ద్రవ ఆమ్లం గల బ్యాటరీ ఛార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వతో పేలగలదు. కాబట్టి అటువంటి బ్యాటరీని మనుషులు కూర్చునే గదిలో ఉంచకూడదు. ఇంజను పక్కన ఖాళీ ఉన్నా, అక్కడి వేడి వలన బ్యాటరీ ఆయుర్దాయం తగ్గుతుంది. లిథియం బ్యాటరీలను అక్కడ ఉంచడానికి అనేకమంది తయారీదారులు అనుమతించరు. గతుకుల మట్టిదారిలో ఎడతెగని ప్రకంపనలు మరలను వదులు చేస్తాయి. బ్యాటరీని గట్టి తొట్టెలో బిగించి, ధ్రువాల బిగింపును ప్రయాణంలో అప్పుడప్పుడు పరిశీలించాలి.

ప్రధాన బ్యాటరీ దిగిపోయినప్పుడు

సహాయక బ్యాటరీ సీసపు ఆమ్ల రకమై, రిలేకు అత్యవసర స్విచ్చి ఉంటే రెండింటినీ కలిపి ఇంజనును స్టార్టు చేయవచ్చు. డి.సి.-డి.సి. ఛార్జరు గల వ్యవస్థలో విద్యుత్తు సాధారణంగా వెనుకకు రాదు. లిథియం బ్యాటరీలోని రక్షణ వలయం స్టార్టరు కోరే వందల ఆంపియర్లను అనుమతించక సరఫరాను ఆపివేయవచ్చు. అందుచేత రెండు బ్యాటరీలు ఉన్నంత మాత్రాన ఒకటి దిగితే రెండవది ఆదుకుంటుందని భావించరాదు. తన వాహనంలోని వ్యవస్థ ఏ రకమో యాత్రికుడు ముందుగా తెలుసుకొని, జంపర్ తీగలు లేదా చేతిలో పట్టే జంప్ స్టార్టరు వెంట ఉంచుకోవాలి. ఇంటివద్దనే ఒకసారి ప్రయత్నించి చూడడం మంచిది.

పరిమితులు

దినమంతా ప్రయాణించి రాత్రి మాత్రమే ఆగేవారికి, ఫ్రిజ్ లేనివారికి ఈ వ్యవస్థ అవసరం లేకపోవచ్చు. వోల్టేజి తగ్గగానే ఫ్రిజ్‌ను ఆపివేసే కటాఫ్ సాధనం వారికి చాలుతుంది. కారవాన్లలోను, అద్దె వాహనాలలోను ఛార్జరుతో కూడిన విడి బ్యాటరీ పెట్టెలు వాడతారు. ఇవి వాహనానికి శాశ్వతంగా బిగించనివి. ఏ పద్ధతి ఎంచుకున్నా స్టార్టరు బ్యాటరీని ఇంజను కొరకే కేటాయించి, ఆగి ఉన్న సమయపు ఖర్చులన్నిటినీ దానికి దూరంగా ఉంచడమే ఈ వ్యవస్థకు మూలసూత్రం.

ఇవి కూడా చూడండి

- సీసపు ఆమ్ల బ్యాటరీ
- ఆల్టర్నేటరు
- ఓం నియమం
- సౌర ఫలకం
- సింప్సన్ ఎడారి